మంత్రాల పెట్టె

సముద్రంలో చేపల వేట బందు మొదలైన నాలుగు రోజులకి మా హేమ చంకలో ఒక రంగుల పెట్టె ఇరికించుకుని స్కూలు ఆటో దిగింది. మూడో తరగతి అయిపోయింది, రేపట్నించి సెలవులు, ఇదిగో సమ్మర్ యాక్టివిటీ కిట్, అంది ఒక్క ఊపిరిలో. పిల్లలందరూ ఆ పెట్టె కొని తీరాలని స్కూలు వాళ్ళు ముందే వాట్సాప్‌లో పెట్టారు కాబట్టి కొన్నాం. రంగు పెన్సిళ్ళో, బొమ్మల పుస్తకమో ఉంటుందనుకున్నాను. మూత తీసి చూద్దును కదా, నల్లటి అట్ట టోపీ, మీట నొక్కితే వెలిగే ప్లాస్టిక్ కర్ర, పూసల దండ, రంగు సుద్దలు, అరచెయ్యంత గుడ్డ బొమ్మ. అన్నిటి కిందా ఒక పుస్తకం. 'బుల్లి మాంత్రికులు: ఆరేళ్ళు దాటిన పిల్లలకు ఇరవై మంత్రాలు' అని అట్ట మీద మెరిసే అక్షరాలు.

"ఇదేటే? సదువుకోమని పంపితే మంత్రాలమ్ముతన్నారేటే మీ స్కూలోలు?" అన్నాను.

"అది గేమ్ అమ్మా! టీచర్ చెప్పింది," అంది హేమ.

నాకు ఒళ్ళు మండింది. ఆ పెట్టెని అటక మీదకి విసిరేద్దును. మా అత్త అడ్డుపడింది.

మా అత్త కూర్మమ్మ సంగతి ముందు చెప్పాలి. కళింగపట్నంలో ఎండు చేపల మనిషిగా ఆవిడకెంత పేరుందో, ముల్లు దించే మనిషిగా అంత పేరుంది. వలలోంచి తీస్తున్నప్పుడు జెల్ల చేప ముల్లు గుచ్చుకున్నా, టేకు చేప తోక ముల్లుతో కొట్టినా, కొండల్లాంటి మగాళ్ళు ఏడుస్తూ మా వాకిట్లోకే వచ్చేవారు. ఆవిడ ఆ కాలో చెయ్యో వేణ్ణీళ్ళలో పెట్టించి, వేపమండ తిప్పుతూ పెదవులు కదిపేది. ఏం చదివేదో ఎవరికీ వినపడేది కాదు. నొప్పి మాత్రం దిగేది. వేణ్ణీళ్ళకి దిగేదో, మంత్రానికి దిగేదో నన్నడిగితే నేనేం చెప్పను? ప్రతిఫలంగా తమలపాకు కూడా పుచ్చుకునేది కాదు.

వాళ్ళ నాన్న దగ్గర, గ్రహణం వేళ, నడుం లోతు సముద్రంలో నిలబడి తీసుకున్న మంత్రమట అది. వచ్చే గ్రహణానికి నాకివ్వాలని ఆవిడ కోరిక. "నా తరవాత ఈ ఊరోలికి ఎవులున్నారే? నా కొడుకు భాస్కర్‌గాడికిద్దునా అంటే ఆడికి నోరాగదు. నువ్వయితే గుట్టుగా ఉంచుకుంటావు," అనేది. పదో తరగతి పాసైన దాన్ని కదా, మొదట్లో నవ్వి ఊరుకునేదాన్ని. తరవాత ఆవిడ ఆశ చూసి, సర్లే అత్తా తీసుకుంటాను, అని మాటిచ్చాను. ఇచ్చాక నాకూ గొప్పగానే ఉండేది.

అలాంటి మనిషికి, మంత్రాలు పుస్తకంలో అచ్చేశారని తెలిస్తే ఎలా ఉంటుంది? "ఓలమ్మ! మన ఇద్య పుస్తకాల్లోకి ఎక్కీసినాదేటే!" అంటూ ఆరబెడుతున్న నెత్తళ్ళ చేపలు వదిలేసి వచ్చి హేమ పక్కన చతికిలబడింది. "సదువే, సదువు. నానింటాను."

అక్షరం ముక్క రాని మా అత్త ఆ ఎండాకాలమంతా ఆ పుస్తకాన్ని చదివించుకుంది.

బోట్లన్నీ ఒడ్డుకెక్కేశాయి. మగాళ్ళకి వలలు బాగుచేసుకోవడం తప్ప పనిలేదు. మధ్యాహ్నమయ్యేసరికి వీధిలో ఆడపిల్లలు తమ తమ పెట్టెలు పట్టుకుని మా వలల పాకలోకి చేరిపోయేవారు. అందరికన్నా ముందు తులసి. తులసంటే మా ఆయన పెదనాన్న కొడుకు నరసింగరావు బావ కూతురు. లేకలేక పుట్టిన పిల్ల. ఎదురిల్లే. హేమా, అదీ ఒకే తరగతి, ఒకే ఆటో, ఒకే కంచం. నరసింగరావు బావకీ మా ఆయనకీ కలిపి ఒకటే బోటు. మా రెండిళ్ళకీ మధ్య గోడ ఉందన్నమాటే గానీ అప్పటిదాకా అది ఎవరికీ గుర్తులేదు.

"ముల్లు దిగడానికి ఏటుందే ఇందల?" అని అడిగేది మా అత్త.

"అది లేదు నానమ్మా. హోంవర్క్ మాయం చెయ్యడానికుంది."

"హోంవర్కంటే ఏ సేపే?"

పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఆవిడా నవ్వేది. వర్షం ఆపడానికి, కుక్క మొరగకుండా ఉండడానికి, కలలో ఐస్‌క్రీం రావడానికి, అన్నీ ఒకటొకటిగా చదివించుకుని, చివరికి జాలిపడేది. "మంత్రాన్ని పైకి సదివీమంటాడేటే ఈడు? నలుగురి సెవిలో పడితే ఇంకది మంత్రమేటి? ఆ గడియకే సచ్చిపోద్ది. పాపం, ఈ పుస్తకం రాసినోడికి గురువెవుడూ నేడు."

అలా అంటూనే పిల్లల వెనకాల కూర్చుని, ఒక్కొక్కరికీ పేలు చూసి తల దువ్వేది. దువ్వెనలో ఊడిన జుట్టు చుట్టచుట్టి, పాక చూరుకి వేలాడే కవర్లో కుక్కేది. మా వైపు ఆడవాళ్ళెవరూ ఊడిన జుట్టు పారెయ్యరు. సైకిలు మీద జుట్టు కొనేవాడు వస్తాడు, దాచినదంతా ఇస్తే స్టీలు గిన్నో గరిటో ఇస్తాడు.

పుస్తకంలో పదకొండో మంత్రం ఫ్రెండ్‌షిప్ బొమ్మ. గుడ్డ బొమ్మకి ఊలుతో జుట్టు పెట్టాలి. మెడకి ఎర్ర దారం కట్టాలి. ఫ్రెండు పేరు చెప్పాలి. ఇంక ఆ ఫ్రెండు ఎప్పుడూ పోట్లాడదు. మే నెలలో, ఉప్పుగాలి కొట్టే మా ఊళ్ళో ఊలెక్కడ దొరుకుతుంది? పిల్లలు మొహాలు వేలాడేసుకుంటే మా అత్త లేచి, చూరులోంచి కవరు దింపింది.

"జుట్టుకి ఊలెందుకే? జుట్టే ఎట్టండి. నాను కుడతాను."

ఎవరి ఫ్రెండు జుట్టు వాళ్ళకే కావాలని పేచీ పెట్టారు పిల్లలు. తులసి తల దువ్వి, ఆ జుట్టు హేమ బొమ్మకి కుట్టింది. హేమ జుట్టు తులసి బొమ్మకి. సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చాను, ఆవిడకి చూపు ఆనదు కదా. ఆ పూట మా పాకలో వాళ్ళ గోల, ఆ నవ్వులు, ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి.

తరవాత వారంలో తులసికి జ్వరం వచ్చింది. మందులేసినా దిగలేదు. మూడోనాడు దాని తల్లి కుమారక్క మా ఇంటికి పరుగున వచ్చింది.

"అత్తా, గుంట ఒల్లు కాలిపోతన్నాది. ఏ దిష్టి తగిలినాదో ఏటో, ఓపాలి వచ్చి తియ్యత్తా," అంది వగరుస్తూ.

"వస్తన్నానే, ఉప్పు సేత పట్టుకోనీ," అంటూ మా అత్త వంటింట్లోకి వెళ్ళింది.

కుమారక్క గుమ్మంలో నిలబడింది. ఎదురుగా గోడకి మేకు. ఆ మేకుకి, మెడకి కట్టిన ఎర్ర దారంతో వేలాడుతూ హేమ బొమ్మ. నల్లటి, పొడుగాటి నిజం జుట్టుతో.

"ఇదేటే హేమా?" అంది. గొంతు మారిపోయింది.

"అదా పెద్దమ్మా? తులసి!" అంది మా పిచ్చిపిల్ల, గర్వంగా. "జుట్టు కూడా తులసిదే!"

కుమారక్క, ఉప్పు పట్టుకుని బయటికొచ్చిన మా అత్తని కింద నుంచి పైదాకా చూసింది. ఆ బొమ్మని లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయింది. "ఏటైనాదే దీనికి?" అంది మా అత్త నావైపు తిరిగి, గుప్పెట్లో ఉప్పుతో.

మా వైపు చిల్లంగి అనే మాట ఒకటుంది. చేతబడి కన్నా చెడ్డ మాట. అది ఎవరి మీద పడిందో వాళ్ళకి ఊళ్ళో నీళ్ళు పుట్టవు. ముసలివాళ్ళని కూడా చూడకుండా పళ్ళు రాలగొట్టిన ఊళ్ళున్నాయని చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది. ఆ సాయంత్రానికి ఆ మాట మా వీధిలోకి వచ్చింది. అయితే ముందు అది మా గుమ్మం తొక్కలేదు. ముందు స్కూలు మీదకి పోయింది.

కుమారక్క బొమ్మని ఫొటో తీసి పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పెట్టింది. ఇంక చూడండి. మా పిల్ల పడుకోవడం లేదంటే మా పిల్ల పడుకోవడం లేదని, మా వాడు పక్కింటివాడి పేరు రాసి సుద్దతో చుట్టూ గీత గీశాడని, ఊళ్ళూళ్ళ నుంచీ మెసేజులు. 'పసిపిల్లలకు చేతబడి పాఠాలు' అని జిల్లా పేపర్లో కూడా పడింది. రెండోనాటికి స్కూలు గేటు ముందు జాతరంత జనం. నేనూ హేమని చెయ్యి పట్టుకుని వెళ్ళాను. ఎందుకు వెళ్ళనూ? ఆ పెట్టె మొదటి రోజే నాకు నచ్చలేదు.

స్కూలు కరస్పాండెంట్ మోహనకృష్ణ తెల్లచొక్కా నలక్కుండా మాట్లాడతాడు. "ఇది క్రియేటివిటీ పెంచే ఆట అండీ. పెద్ద పెద్ద సిటీల్లో పిల్లలందరూ ఆడుతున్నారు. ఇదిగో చూడండి, 'వినోదం కోసం మాత్రమే' అని రాసే ఉంది," అని పెట్టె వెనక్కి తిప్పి చూపించాడు.

"ఆరేళ్ళ గుంటకి ఏది వినోదమో ఏది నిజమో ఎలాగ తెలుస్తాది బాబూ?" అన్నాను నేను. "పెద్దోలికే తెల్దు. కొనకపోతే కుదరదని మెసేజి ఎట్టినారు కదా, అప్పుడు సెప్పినారేటి ఇందల మంత్రాలున్నాయని?"

జనం ఔనౌనన్నారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆయన కణతల దగ్గర చెమట తుడుచుకున్నాడు. అప్పుడే కుమారక్క ముందుకొచ్చి ఆ బొమ్మని ఆయన చేతిలో పడేసింది. "నా పిల్ల జుట్టు! జొరంతో పడున్నాది నా పిల్ల! ఇదేనా మీ ఆట?"

ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పాడు. పుస్తకం తీసి పదకొండో మంత్రం పేజీ వెతికాడు. చదువుతుంటే ఆయన మొహం తేటపడడం నేను కళ్ళారా చూశాను.

"ఇక్కడ ఊలు అని ఉందండీ. ఊలు. జుట్టు అని ఎక్కడుంది? మా పుస్తకంలో జుట్టు లేదు." హేమ వైపు వంగాడు. "నువ్వు గుడ్ గర్ల్ కదమ్మా. భయపడకు. జుట్టు పెట్టమని ఎవరు చెప్పారు?"

నేను నోరు తెరిచేలోపే చెప్పేసింది. "మా నానమ్మ సార్! ఆవిడే కుట్టింది. మా నానమ్మకి నిజం మంత్రాలు వచ్చు."

పిల్ల నిజమే చెప్పింది. ఏమనను? జనమంతా ఒక్కసారి మావైపు తిరిగారు. మోహనకృష్ణ నిటారుగా నిలబడి, పుస్తకాలు వెనక్కి తీసుకుంటామని, జరిగినదానికి విచారిస్తున్నామని, ఇళ్ళలో మూఢనమ్మకాలుంటే స్కూలు ఏం చెయ్యగలదని, తల్లిదండ్రులకి అవగాహన సదస్సు పెడతామని చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు. నిప్పు పెట్టినవాడు చేతులు దులుపుకున్నాడు. మేం తిరిగి వచ్చే ఆటోలో మా పక్కన ఎవరూ కూర్చోలేదు.

శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో తులసికి టైఫాయిడ్ అని తేల్చారు. మందులకి జ్వరం మెల్లగా దిగింది. అయినా కుమారక్క మనసు దిగలేదు. "టైపాయిడ్ ఎలాగొచ్చినాదో డాకటరు సెప్పగలడేటి?" అంది ఎవరితోనో, నాకు వినపడేలా. తల్లి కదా. దాని భయం దానిది. ఇప్పుడు ఆలోచిస్తే దాని మీద నాకు అంత కోపం రాదు. అప్పుడు మాత్రం జుట్టు పట్టుకుని తన్నాలనిపించింది.

వేటకి దిగే రోజు దగ్గరపడుతుంటే ఒడ్డున గంగమ్మ గుడి దగ్గర కులపెద్దలు కూర్చున్నారు. నరసింగరావు బావ లేచి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు ఆ మనిషి. మా పెళ్ళికి మామిడాకుల తోరణాలు కట్టింది ఆయనే. ఆరోజు మాత్రం మావైపు చూడకుండా మాట్లాడాడు.

"నాను సిన్నమ్మని ఏటీ అన్ను. గాని బోటెక్కేవోలంతా బయపడతన్నారు. భాస్కర్‌గాడితో కలిసి ఏటకెల్తే ఏటవుతాదో అని. సగం బోటు నాది, పిల్ల నాది, నానెవులికి సెప్పుకోను?"

మా బోటు మీద పనిచేసే గంగులు గబుక్కున లేచాడు. మా అత్తని అక్కలా చూసుకునే మనిషి. లుంగీ పైకెత్తి కాలు చూపించాడు. "ఇదిగో, ఈ కాలు సూడండి! రెండుపాల్లు టేకు ముల్లు దిగినాది. మా అప్ప మంత్రం ఎయ్యకపోతే ఈ కాలు నాకు నేదు. అలాటి మనిసిని ఒట్టిపున్నేనికి అనకండి, కల్లు పోతాయి!"

"అదే కదరా నానూ సెప్తన్నాను," అన్నాడు ఒక పెద్ద. "ఆయమ్మకి మంత్రమొచ్చునని నువ్వే ఒప్పుకుంటన్నావు."

గంగులు లుంగీ కిందికి దించేసుకున్నాడు. పాపం, కాపాడదామని లేచి తనే ఉరి బిగించాడు. పెద్దలు తేల్చేశారు. మర్నాడు పొద్దున్న కూర్మమ్మ గంగమ్మ ముందు దీపం ఆర్పి ప్రమాణం చెయ్యాలి. తనకే మంత్రమూ రాదని. చేస్తే ఎవరూ నోరెత్తకూడదు. చెయ్యకపోతే భాస్కర్ బోటెక్కకూడదు, మా ఇంటి చేప ఎవరూ ముట్టకూడదు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. "ఉన్నది ఉన్నట్టు సెప్పీ అత్తా. ముల్లు మంత్రమొకటే వొచ్చు, ఇంకేటీ రాదు అని సెప్పు. అందల తప్పేటున్నాది?"

"నీకు బుర్రున్నాదేటే?" అని కసిరాడు మా ఆయన. "ఒకటొచ్చినోలికి రెండోది రాదంటే ఎవులు నమ్ముతారు?" తల్లి ముందు గొంతుక్కూర్చున్నాడు. "అమ్మా, ఒక్క మాటే. నాకేటీ రాదని సెప్పీ. అయిపోద్ది. ఆ మాట నిజమో కాదో గంగమ్మకి తెల్దేటి? బోటు నేకపోతే నానేటి సేసి బతకను?"

మా అత్త కొడుకు తల మీద చెయ్యి వేసింది. "ఏటీ రాదనే సెప్పాలేటిరా?"

"అవునమ్మా."

"పొద్దున్నేనా?"

"పొద్దున్నే."

"సర్లే," అంది. లేచి వెళ్ళి హేమకి అన్నం కలిపి పెట్టింది.

మర్నాడు నేను భయపడినట్టు ఏమీ జరగలేదు. ప్రమాణం చేసేవాళ్ళు ముందు సముద్రంలో మునిగి తడిబట్టతో రావాలి. ఆవిడ ఒక్కతే దిగింది. మేమందరం గుడి దగ్గరే ఉండిపోయాం. కాస్త ఆలస్యమైంది. అలలు పెద్దవిగా ఉన్నాయి కదా అనుకున్నాను. తరవాత చీర పిండుకుంటూ వచ్చి, గంగమ్మ ముందు నిలబడి, తొట్రుపడకుండా చెప్పింది. "తల్లీ, నాకే మంత్రమూ రాదు. నాకాడ ఏటీ నేదు. అబద్దమైతే నా కొడుకు మునిగిపోవాల." దీపం ఆర్పింది.

కన్నకొడుకు మీదే ఒట్టు! ఇంత అబద్ధం ఇంత నిబ్బరంగా ఎలా ఆడిందా అని ఆశ్చర్యపోయాను. నిజం చెప్పొద్దూ, కొంచెం చిన్నబుచ్చుకున్నాను కూడా. పెద్దలు లేచిపోయారు. నరసింగరావు బావ వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. అయిపోయింది కదా, పీడా విరగడైంది కదా అని ఇంటికొచ్చి చేపల పులుసు పెట్టాను.

బోట్లు వేటకి దిగాయి. తులసి లేచి తిరుగుతోంది గానీ మా పాకలోకి రావడం లేదు. దాని పెట్టెని కుమారక్క పొయ్యిలో పెట్టేసిందట. మా అత్త ఎండు చేపలు తిరగేసుకుంటూ, ఎప్పటిలాగే ఉంది. మాటే కొంచెం తగ్గింది.

పదిరోజులు తిరక్కముందే ఒకపూట వీధిలో పెద్ద కేక వినిపించింది. తలుపు తీసేసరికి నరసింగరావు బావ గంగుల్ని వీపు మీద మోసుకుని పరిగెత్తుకొస్తున్నాడు. వలలో పడ్డ టేకు చేప తోక ముల్లు పాదంలో దిగిపోయిందట. కాలు కుండలా వాచింది. గంగులు ఏడుస్తున్నాడు.

"సిన్నమ్మా! బేగి రా సిన్నమ్మా!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇప్పుడు గుర్తొచ్చినాదేటి బావా సిన్నమ్మ? ఏటీ రానోలి గుమ్మంలోకి ఎందుకొచ్చినావు?"

"నువ్వు నోర్ముయ్యే భారతీ. నీల్లు కాగెట్టు," అంది మా అత్త. అప్పటికే గంగుల్ని అరుగు మీద కూర్చోబెట్టించి, కాలు ఒళ్ళోకి తీసుకుంది. వేణ్ణీళ్ళు తెచ్చాను. కాలు అందులో పెట్టి, నెమ్మదిగా తుడిచింది.

"సదువప్పా. సదువు. నాను తాల్లేను," అన్నాడు గంగులు పళ్ళు బిగించి.

ఆవిడ చదవలేదు. వేపమండ అడగలేదు. "శ్రీకాకులం పట్టుకెల్లిపోండి. సూదిమందేస్తారు. ఆలిస్యం సెయ్యకండి."

నరసింగరావు బావ ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తప్పయిపోనాది సిన్నమ్మా. ఇక్కడ ఎవులూ నేరు. నానెవులికీ సెప్పను. ఒక్కపాలి."

"పట్టుకెల్లు బాబూ. నీకు దన్నమెడతాను, బేగి పట్టుకెల్లు."

ఆటో వచ్చింది. ఎక్కించారు. గంగుల కేకలు ఊరు దాటేదాకా వినిపించాయి. గంగులు బాగయ్యాడు, మళ్ళీ వేటకీ వెళ్ళాడు, వేణ్ణీళ్ళలో పెట్టి మంచి పని చేశారని డాక్టరు కూడా అన్నాడట. అదంతా తరవాతి సంగతి. అప్పుడు మాత్రం ఆ కేకలు వినడం నావల్ల కాలేదు. నరసింగరావు బావ మోకాళ్ళ మీద పడితే నాకు సంతోషంగానే ఉంది, దాచుకోను. కానీ గంగులు?

"ఆల మీద కోపం గంగులు మీద సూపుతావేటత్తా? నీకోసం అందరి ముందూ లేచినోడు ఆడొక్కడే కదా!"

"కోపమేటే?" అంది. అప్పుడు చూశాను, ఆవిడ కళ్ళనిండా నీళ్ళు. "ఉంటే సెయ్యనేటే? నా దగ్గిర నేదే భారతీ. పెమానకం ముందు సముద్రంలో దిగినాను సూడు, అప్పుడు గొంతెత్తి అంతా పైకి సదివీసినాను. గాలికీ, నీల్లకీ, ఆ గట్టు మీద కాకులకీ, అందరికీ ఇనపడీలా సదివీసినాను. అయిపోనాది. అబద్దమాడి నా కొడుకు మీద ఎలాగ ఒట్టెయ్యమన్నావు?"

గంగమ్మ ముందు ఆవిడ ఆడింది అబద్ధమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మా ఆయనా అలాగే అనుకున్నాడు. ఊరంతా అలాగే అనుకుంది. నిజం చెయ్యడానికి ఆవిడ ఏం పారేసుకుందో ఎవరూ అడగలేదు.

"నాకిస్తానన్నావు కదత్తా," అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు. ఆ మంత్రానికి నొప్పి దిగుతుందని ఇవాళ్టికీ నేను ఒట్టేసి చెప్పలేను. అది కాదు నా ఏడుపు. ఆవిడ దగ్గర ఇవ్వడానికి ఉన్నది అదొక్కటే, దానికి నన్ను ఎంచుకుంది.

"గ్రానం రాకముందే పెమానకం వచ్చీసినాదే. నానేటి సెయ్యను?" అంది, తప్పు తనదైనట్టు.

హేమ ఎప్పుడొచ్చిందో, గుమ్మం పట్టుకుని నిలబడి అంతా వింటోంది. "మర్చిపోయావా నానమ్మా?"

"మాటలున్నాయే. మాటలెక్కడికి పోతాయి."

"అయితే చెప్పు."

నేను పిల్లని కసరబోయాను. మా అత్త చెయ్యెత్తి ఆపింది. "ఇననీ. ఇప్పుడు ఎవులిన్నా ఒకటే."

హేమని దగ్గరికి లాక్కుని కూర్చోబెట్టుకుంది. నా పెళ్ళయినప్పట్నించీ ఆవిడ పెదవుల మీదే చూశాను గానీ ఎన్నడూ వినని ఆ మంత్రాన్ని, పాపకి లాలి చెప్పినట్టు మెల్లగా, పైకి చెప్పింది. నాలుగంటే నాలుగు ముక్కలు. ముల్లుని వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపొమ్మని బతిమాలడం, అంతకన్నా ఏమీ లేదు అందులో.

హేమ ఇంకా ఉందేమోనని చూసింది.

"అంతేనా నానమ్మా?"

"అంతేనే అమ్మా," అంది మా అత్త.